చేరిన తేదీ

గుణదల, విజయవాడ
12 జులై 2025

శౌరమ్మ అత్తకు,

బానే ఉన్నాను, వేళకి తింటున్నాను, కోపంగా ఉన్నాను. నువ్వు అడగబోయే మూడింటికీ జవాబులు అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజి పెడితే నీ డబ్బా ఫోన్‌లో తెలుగు అక్షరాలు గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. అందుకని పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు కొన్నాను. కౌంటర్లో ఆయన “ఉద్యోగానికా అమ్మా?” అన్నాడు. “కాదండీ, మా అత్తకి” అంటే నన్ను ఎగాదిగా చూశాడు.

కంపెనీ నన్ను ఊరవతల కొత్తగా పెడుతున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో వేసింది. అడ్మిషన్లు, హాజరు, పరీక్షలు, టైమ్ టేబుల్, బస్సులు, హాస్టలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. అది మా కంపెనీ సరుకు. యూనివర్సిటీని దాన్లోకి ఎక్కించడం నా పని. ఆరు వందల నలభై ప్రశ్నలున్న షీటు ఒకటి ఇచ్చారు. ఒక్కో ప్రశ్నా రిజిస్ట్రార్‌ని అడగాలి, జవాబు నింపాలి. రిజిస్ట్రార్ పేరు విశ్వేశ్వర్ గారు. మనిషి మంచివాడే. అదే నాకు ఇంకా మంట.

“హాజరు ఎంత శాతం ఉండాలండీ?” అన్నాను.

“సాఫ్ట్‌వేర్‌లో ఎంతుందమ్మా?”

“ఎనభై అయిదని ముందే నింపి ఉందండీ.”

“మరింకేం. ఉంచెయ్.”

“మిగతా చోట్ల డెబ్భై అయిదండీ.”

“మనది మిగతా చోట్లలాంటిది కాదమ్మా” అని సమోసా కొరికాడు.

ఇలా నాలుగు వందల ప్రశ్నలకి ఒకటే జవాబు. ఏదుంటే అది ఉంచెయ్. డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి, యూట్యూబ్ చూసి పని నేర్చుకున్న మనిషిని నేను. డిగ్రీలిచ్చే యూనివర్సిటీకి రూల్సు నింపుతున్నాను. దీనికి నవ్వాలా, తలుపుకి తల కొట్టుకోవాలా?

ఇంకోటి విను. నిన్న సివిల్ ఇంజనీరు నా దగ్గరికి వచ్చాడు. “మేడమ్, మీ సాఫ్ట్‌వేర్‌లో గదుల రకాలు ఏమేమున్నాయో చెప్పండి, ప్లానులో పేర్లు అలాగే పెట్టమన్నారు” అన్నాడు. చూపించాను. క్లాసు గది అరవై మందికి, క్లాసు గది నూట ఇరవై మందికి, ల్యాబు, ఆఫీసు, స్టోరు. అంతే. నువ్వు పనిచేసిన కాలేజీలో లేడీస్ వెయిటింగ్ రూమ్ ఉండేది కదా, ఆడపిల్లలు క్యారేజీలు తినేవాళ్ళు, తలనొప్పి వస్తే పడుకునేవాళ్ళు. ఆ గది ఈ జాబితాలో లేదు. లేదు కాబట్టి కట్టడం లేదు. గోడలు కూడా మా సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే లేస్తున్నాయి.

నీ చెవులు ఎలా ఉన్నాయి? ఈసారి నిజం రాయి.

నీ మేనకోడలు
వినీల


ఉయ్యూరు
21 జులై 2025

చిటపటలాడే మా వినీలకు,

నీ ఉత్తరం పోస్టుమాన్ చేతికిస్తే కవరు చింపకముందే వేడిగా తగిలింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి సంగతి కోసం, రెండోసారి నీ అక్షరాల కోసం. ‘ళ’ ఇంకా పడుకోబెట్టే రాస్తున్నావు. లేపి నిలబెట్టు.

నా చెవుల గురించి అడిగావు. కుడిది పూర్తిగా రిటైరైంది. ఎడమది ఎక్స్‌టెన్షన్ మీద నడుస్తోంది.

నీకు హాజరు రూలు సంగతి ఒకటి చెప్పాలి. నేను మా కాలేజీలో అటెండరుగా ఉన్న రోజుల్లో, హాజరు డెబ్భై అయిదు ఉండాలా ఎనభై ఉండాలా అని లెక్చరర్లు రెండేళ్ళు పోట్లాడుకున్నారు. టీలు మోసింది నేనే కాబట్టి అంతా విన్నాను. ఫిజిక్సు ఆయన బల్ల గుద్దితే రెండు గ్లాసులు పగిలాయి. నాట్లప్పుడు, చెరకు నరికేటప్పుడు పొలం పిల్లలు రాలేరని తెలుగు మేష్టారు పట్టుబట్టి డెబ్భై అయిదు చేయించారు. ఆ పోట్లాట వల్ల ఒక లాభం జరిగింది. ఆ అంకె ఎందుకు వచ్చిందో కాలేజీలో అందరికీ తెలుసు. మీ ఎనభై అయిదు ఎందుకు వచ్చిందో ఎవరికి తెలుసు?

సరే, ఒక ప్రశ్న అడుగుతున్నాను, జవాబు రాయి. చివరి విడత కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన పిల్లలు నెల ఆలస్యంగా చేరతారు కదా. వాళ్ళ హాజరు లెక్క ఎక్కడి నుంచి కడుతున్నారు? మేము రిజిస్టరులో పేరు పక్కన చేరిన తేదీ ఎర్ర సిరాతో రాసేవాళ్ళం. ఆ తేదీకి ముందున్న గళ్ళన్నిటి మీదుగా ఒక అడ్డగీత. అది ఆబ్సెంటు కాదు. అప్పటికి ఆ పిల్ల ఇంకా మనది కాదు అని దాని అర్థం.

సమోసా తినే మనిషిని మరీ తిట్టకు. ఆకలి ఉన్నవాడు మాట వింటాడు.

ప్రేమతో
శౌరమ్మ


గుణదల
10 సెప్టెంబరు 2025

అత్తా,

ఆలస్యమైంది, తిట్టుకో. ఆగస్టు పద్ధెనిమిదిన క్లాసులు మొదలయ్యాయి. అప్పటి నుంచి నా బతుకు హెల్ప్‌డెస్క్ కిటికీ.

బందరు రోడ్డు మీద బస్సులో వస్తుంటే కుడివైపు పెద్ద హోర్డింగు కనపడింది. సూటు వేసుకున్న పిల్లాడి బొమ్మ, పక్కన ‘85 శాతం హాజరు. రాజీ లేదు!’ అని మనిషెత్తు అక్షరాలు. మా యూనివర్సిటీదే. ఎవడో ప్రోగ్రామరు ఏదో ఊళ్ళో కూర్చుని ఖాళీగా ఉంచడం ఎందుకని నింపిన అంకె అది. ఇప్పుడది మా క్రమశిక్షణ అయిపోయింది. బస్సులోంచి దిగి రాయి తీసుకుని కొట్టాలనిపించింది. కండక్టరు ఆపలేదు కానీ బస్సూ ఆగలేదు.

తెలుగు శాఖ పెడదామని ఒక ముసలి ప్రొఫెసరు గారు వచ్చారు. శాఖల జాబితాలో తెలుగు లేదు. చేర్చాలంటే కంపెనీకి రిక్వెస్టు పెట్టాలి, మూడు వారాలు పడుతుంది. “అయితే వచ్చే ఏడు చూద్దాం” అన్నారు విశ్వేశ్వర్ గారు. ఆ ప్రొఫెసరు గారు నా కిటికీ దగ్గరికొచ్చి, “అమ్మాయ్, ఆ జాబితాలో ఫ్రెంచి ఉందా?” అని అడిగారు. ఉంది. చెప్పడానికి సిగ్గేసింది, చెప్పాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు.

ఇంకా ఉంది. యూనివర్సిటీకి నియమావళి పుస్తకం ఉండాలి కదా. లేదు. ఎవరో తనిఖీకి వస్తున్నారని తెలిసి, సాఫ్ట్‌వేర్‌లో ఏ సెట్టింగు ఎలా ఉందో చూసి దాన్నే వాక్యాలుగా రాయమన్నారు. రాశాను. ‘పరిగణించబడును’, ‘అనుమతించబడదు’ అని నీ దగ్గర నేర్చుకున్న మాటలన్నీ వాడాను. నలభై ఎనిమిది పేజీలు. గట్టి అట్ట, బంగారు అక్షరాలు. ఇప్పుడు ఎవరైనా రూలు ఎందుకిలా ఉందని అడిగితే సాఫ్ట్‌వేర్‌లో ఉంది అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఎందుకుంది అంటే నియమావళిలో ఉంది అంటారు. మధ్యలో నేను.

ఒక కాపీ ఈ కవరుతో పంపుతున్నాను. పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తుంది.

ఇక్కడ చెవుల డాక్టరు మంచాయన ఉన్నాడట. ఒక శనివారం సెలవు పెడతాను. రా, చూపిద్దాం. ఎక్స్‌టెన్షన్ అయిపోయేదాకా ఆగకు.

వినీల


ఉయ్యూరు
5 అక్టోబరు 2025

వినీలకు,

పుస్తకం అందింది. పొయ్యిలో వెయ్యలేదు. ముప్పై నాలుగేళ్ళు రూల్సు చదివి బతికినదాన్ని, నవల దొరికినట్టు చదువుతున్నాను. రోజుకి రెండు పేజీలు. తొమ్మిదో పేజీలో అచ్చుతప్పు ఉంది.

మా పక్కింటి వెంకటరత్నమ్మ కూతురు జ్ఞానేశ్వరికి చివరి విడత కౌన్సెలింగ్‌లో మీ యూనివర్సిటీలోనే కంప్యూటర్ల సీటు వచ్చింది. సెప్టెంబరు పద్ధెనిమిదిన చేరింది. నీకు గుర్తుండదు, నువ్వు వచ్చినప్పుడు చిన్న పిల్ల. ఇప్పుడు నాకు చెవులు అదే. వీధిలో ఎవరేమన్నా పలక మీద రాసి చూపిస్తుంది. తిట్టుకునేవాళ్ళ మాటలు కూడా వదలదు, అచ్చం అలాగే రాస్తుంది. తల్లి చెరకు తోటల్లో కూలికి పోయి చదివిస్తోంది. పొద్దున్నే ఆరింటి బస్సుకి పోతుంది, చీకటి పడ్డాక వస్తుంది. కాస్త కనిపెట్టి ఉండు.

డాక్టరు కోసం నువ్వు సెలవు పెట్టొద్దు. కొత్త ఉద్యోగం. నా చెవుల సంగతి నేను చూసుకుంటాను.

పోయిన ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగాను. నీ హడావిడిలో మర్చిపోయినట్టున్నావు.

శౌరమ్మ


గుణదల
6 డిసెంబరు 2025

అత్తా,

ఇవాళ డిటెన్షన్ జాబితా వచ్చింది. నలభై ఒక్క మంది. పరీక్షలు పంతొమ్మిదిన. ఈ నలభై ఒక్క మందికి హాల్ టికెట్లు రావు. మొదటి సెమిస్టరు వచ్చే ఏడు మళ్ళీ చదవాలి. ఏడాది పోయినట్టే.

పన్నెండింటికి జ్ఞానేశ్వరి నా కిటికీ దగ్గర నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నోటు పుస్తకం తెరిచి చూపించింది. వచ్చిన ప్రతిరోజూ తేదీ వేసుకుంది.

“అక్కా, నేను చేరాక అరవై ఆరు రోజులు క్లాసులు జరిగాయక్కా. యాభై ఆరు వచ్చాను. స్క్రీన్ మీదేమో తొంభైకి యాభై ఆరని వేశారు. అరవై రెండు శాతమట. నేను చేరకముందు ఇరవై నాలుగు రోజులు కూడా ఆబ్సెంటేనా అక్కా? అప్పుడు నాకు సీటే రాలేదు కదా.”

నలభై ఒక్క మందీ చివరి విడత పిల్లలే. ఎవరో పెట్టిన సెట్టింగు అది. హాజరు సెమిస్టరు మొదటి రోజు నుంచి లెక్కపెడుతోంది. విశ్వేశ్వర్ గారి దగ్గరికి వెళ్ళాను. “నియమావళిలో అలాగే ఉందమ్మా” అన్నారు. కంపెనీలో మా మేనేజరు అఖిలేష్ సార్‌కి ఫోన్ చేశాను. “క్లయింటు రూలు ప్రకారమే ఉంది కదా వినీలా” అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటున్నారు.

ఈ పిల్ల మాత్రం నన్ను చూస్తోంది. నువ్వు చెప్పావట, “మా వినీల ఉంది, దానికి కోపం వచ్చిందంటే పని అయిపోతుంది” అని. ఎందుకు చెప్పావు అత్తా?

వినీల


ఉయ్యూరు
9 డిసెంబరు 2025

తల్లీ,

నీ ఉత్తరం నిన్న అందింది. జ్ఞానేశ్వరి కూడా పలక నిండా రాసి చెప్పింది.

నీ కోపం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. నువ్వు తిట్టేటప్పుడు పేరు పెట్టి తిడతావు. రిజిస్ట్రారుని, మేనేజరుని, ప్రోగ్రామరుని, నీకు కుట్టిన జాకెట్టు బిగువైతే టైలరుని కూడా. ఈ ఉత్తరంలో ఒక్కచోట మాత్రం ‘ఎవరో పెట్టిన సెట్టింగు’ అని రాశావు. పేరు లేదు. తిట్టూ లేదు. నేను జులైలో ప్రశ్న అడిగాను, అక్టోబరులో గుర్తు చేశాను, నువ్వు రెండుసార్లూ దాటేశావు. నాకు చెవులే పోయాయమ్మా, చదువు పోలేదు.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. నేను జూనియర్ అసిస్టెంటు అయిన మొదటి ఏడాది ఒక అమ్మాయి టీసీలో పుట్టిన సంవత్సరం తప్పు రాశాను. ఆ పిల్లకి నర్సు ట్రైనింగులో సీటు ఆగిపోయింది. సెలవుల్లో బీరువా తాళం నా దగ్గరే ఉంది. రిజిస్టరులో బ్లేడుతో గీకి, పైన సరైన అంకె వేస్తే ఎవరికీ తెలిసేది కాదు. బ్లేడు కొన్నాను కూడా. తరవాత ఆ బ్లేడుతో మీ నాన్న గడ్డం గీసుకున్నాడు. నేను తప్పు అంకె మీద ఒకే ఒక గీత గీసి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, రిజిస్టరు చంకన పెట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. కొట్టేసింది కనపడాలి, కొట్టేసినవాళ్ళూ కనపడాలి. ఆఫీసులో అది మొదటి పాఠం.

నీ దగ్గర కూడా తాళం ఉందని నాకు తెలుసు. దొంగచాటుగా మార్చకు. ఆ పిల్ల కోసం మార్చినా సరే, వద్దు.

అన్నం తిను. కోపం ఖాళీ కడుపుతో పడకూడదు.

శౌరమ్మ


గుణదల
13 డిసెంబరు 2025

అత్తా,

అవును. నేనే.

జులై ఎనిమిదో తారీఖు. రెండు వందల పదమూడో ప్రశ్న. ‘హాజరు లెక్క: సెమిస్టరు ప్రారంభం నుంచా, చేరిన తేదీ నుంచా?’ మొదటిది ముందే టిక్కు పెట్టి ఉంది. ఆ ప్రశ్న నేను రిజిస్ట్రారుని అడగలేదు. అప్పటికి రెండు వందలసార్లు ‘ఉంచెయ్’ విని విసుగొచ్చి, అడిగినా అదే అంటాడని నేనే ఉంచేసి కిందికి పోయాను. నీ ఉత్తరం వచ్చిన రోజే నాకు గుర్తొచ్చింది. అప్పుడే సరిచేస్తే అయిపోయేది. విశ్వేశ్వర్ గారి ముందు తప్పు ఒప్పుకోవాలంటే ఒళ్ళు మండింది. తరవాత చేద్దాం అనుకున్నాను. ఊళ్ళో వాళ్ళందరి మీదా అరిచాను, ఆ ఒక్క టిక్కు మీద తప్ప.

నిన్న ఆయన గదికి వెళ్ళాను. అఖిలేష్ సార్ స్పీకర్ ఫోన్లో ఉన్నాడు.

“నియమావళి పధ్నాలుగో నియమం చూడమ్మా, స్పష్టంగా ఉంది” అన్నారు విశ్వేశ్వర్ గారు.

“ఆ నియమం నేను టైపు చేశానండి.”

“టైపు నువ్వే చేస్తావు, అది నీ పని.”

“కాదండీ. నేనే పుట్టించాను. మిమ్మల్ని అడగకుండా. సాఫ్ట్‌వేర్‌లో లాగ్ ఉంటుంది, ఎవరు ఎప్పుడు నొక్కారో. తీసి చూడండి, నా పేరే ఉంటుంది.”

ఫోన్లోంచి అఖిలేష్ సార్, “వినీలా, స్టాప్. ఇలాంటివి కాల్‌లో మాట్లాడొద్దు” అన్నాడు.

“మరెక్కడ మాట్లాడాలి సార్, కలలోనా?”

విశ్వేశ్వర్ గారు నియమావళి మూసి పక్కన పెట్టారు. “ఏమ్మా, ఇంతమంది పిల్లలు నా గది ముందు నిలబడితే, యూనివర్సిటీ ఆలోచించి పెట్టిన రూలు అని వారం రోజులుగా సమర్థిస్తున్నాను. ఆలోచించిందెవరు?” అన్నారు.

“ఎవరూ లేరండీ.”

కాగితం ఇమ్మని అడిగి, జరిగింది జరిగినట్టు రాసి, కింద పూర్తి సంతకం పెట్టాను. పొట్టి సంతకం నాకు ఇంకా కుదరలేదు. ఆయన దాని మీద ‘చేరిన తేదీ నుంచి లెక్కించవలెను’ అని రాసి సంతకం చేశారు. ఆ కాగితం పట్టుకుని, అందరూ చూస్తుండగా సెట్టింగు మార్చాను. ముప్పై ఎనిమిది మంది బయటపడ్డారు. ఇద్దరు నిజంగానే క్లాసులు ఎగ్గొట్టినవాళ్ళు, వాళ్ళే ఒప్పుకున్నారు. సాయంత్రం కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ఇరవయ్యో తారీఖు నా ఆఖరి రోజు.

దాని గురించి బాధ లేదు. ఉంది కానీ తరవాత పడతాను. నలభై ఒకటో పేరు జ్ఞానేశ్వరి. అరవై ఆరుకి యాభై ఆరు. 84.85 శాతం. ఎనభై అయిదు కాదు.

దగ్గరి అంకెకి సవరించే సెట్టింగు కూడా ఒకటుంది. అది ‘వద్దు’ అని ఉంది. ఒక్క నొక్కు, అంతే. విశ్వేశ్వర్ గారిని అడిగాను. “బందరు రోడ్డు మీద హోర్డింగు పెట్టుకున్నానమ్మా. నీ తప్పు సరిదిద్దాను. ఇది తప్పు కాదు, తక్కువ” అన్నారు. నా వేలు రాత్రంతా దురద పెట్టింది. నొక్కలేదు. నీ బ్లేడు గుర్తొచ్చింది.

ఆ పిల్ల రాని రోజులు పది. ఎనిమిది రోజులు జ్వరం. మిగతా రెండు రోజులు, నవంబరు పదకొండు, పద్ధెనిమిది, ఎక్కడికి పోయావే అంటే చెప్పదు. “చెప్పనని మాటిచ్చానక్కా” అంటుంది. నెత్తి మీద ఒకటి మొట్టాను. అయినా చెప్పలేదు. నీకేమైనా తెలుసా?

వినీల


ఉయ్యూరు
16 డిసెంబరు 2025
(జ్ఞానేశ్వరి చేతికిచ్చి పంపుతున్నాను)

వినీలా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. ఆ రెండు రోజులూ అది నాతో ఉంది.

విజయవాడలో చెవుల డాక్టరు దగ్గరికి. మొదటిరోజు పరీక్షలు, రెండోరోజు చెవి మిషన్ కొలతలు. డాక్టరు చెప్పింది పలక మీద రాసి చూపించడానికి మనిషి కావాలి. నీకు చెబితే సెలవు పెడతావు, కొత్త ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నీకు చెప్పొద్దని నేనే దాని చేత ఒట్టు పెట్టించుకున్నాను. నీ ఉద్యోగం కాపాడాలనుకున్నాను, ఉద్యోగమూ పోయింది, దాని ఏడాదికీ నా చెవుల వల్లే ఎసరొచ్చింది. నువ్వు నా దగ్గర దాచావని తిట్టాను చూడు, ఆ తిట్లలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పుడు పని మాట. నీ పుస్తకం ముప్పై ఒకటో పేజీ తియ్యి. ఇరవై రెండో నియమం. ‘సేవా కార్యక్రమంలో గడిపిన దినము హాజరుగా పరిగణించబడును. సేవ పొందిన వ్యక్తి స్వయముగా హాజరై సంతకము చేయవలెను.’ నువ్వే రాశావు. నువ్వే మర్చిపోయావు. మీ యూనివర్సిటీలో ఆ పుస్తకం చివరిదాకా చదివిన మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను.

సేవ పొందిన వ్యక్తి. ముప్పై నాలుగేళ్ళు ఒకరి దగ్గర గ్లాసుడు మంచినీళ్ళు అడిగి తాగలేదు నేను. ఆ మాట కింద సంతకం పెట్టాలంటే చెయ్యి రావడం లేదు. అయినా పెడతాను. రేపు పొద్దున ఎనిమిదింటి బస్సుకి వస్తున్నాను. గేటు దగ్గర ఉండు.

అత్త


పరీక్ష హాలు మెట్లు
19 డిసెంబరు 2025

అత్తా,

జ్ఞానేశ్వరి లోపల రాస్తోంది. ఇంకా గంటన్నర ఉంది. ఈలోపు నీకు ఒక బాకీ తీరుస్తాను. మొన్న నువ్వు ఉన్నావు కానీ నీకేమీ వినపడలేదు. కొత్త మిషన్ ఇంకా రాలేదు కదా. ఆ గదిలో ఎవరేమన్నారో రాస్తున్నాను.

నువ్వు కాగితం మీద ‘సేవ పొందిన వ్యక్తి’ అన్నచోట సంతకం పెట్టి, కలం మూత పెట్టి, చీర కొంగుతో ముఖం తుడుచుకున్నావు. అప్పుడు విశ్వేశ్వర్ గారు నాతో మెల్లగా, “ఈ రూలు నిజంగా మనదేనా?” అన్నారు. “మనదేనండీ, సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది, మీరు ఉంచెయ్ అన్నారు” అన్నాను. ఆయన మొహం కప్పుకుని నవ్వారు.

హాజరు యాభై ఎనిమిది అయింది. ఎనభై ఏడు దాటింది. కానీ సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. హాల్ టికెట్ల గడువు ముందురోజే మూసుకుపోయింది. అఖిలేష్ సార్‌కి ఫోన్ చేస్తే, “తెరవాలంటే మూడు వారాలు” అన్నాడు.

“అయితే చేత్తో రాసిద్దాం. హాల్ టికెట్‌లో ఏమేం ఉంటాయి?” అన్నారు విశ్వేశ్వర్ గారు. ఆఫీసులో ఆరుగురున్నారు. ఒకళ్ళకీ తెలీదు. మిషన్‌లోంచి వచ్చినదాన్ని చేతికివ్వడమే తప్ప ఎవరూ ఎప్పుడూ దాన్ని చదవలేదు. నేను నీకు పలక మీద రాసి చూపించాను. నువ్వు తెల్ల కాగితం, స్కేలు, ఎర్ర సిరా కలం అడిగావు. ఎర్ర కలం లేదన్నారు. నీ సంచిలోంచి నువ్వే తీశావు.

నువ్వు తలొంచి గీతలు గీస్తుంటే నీ వెనక ఆరుగురూ చేరారు. ఒకమ్మాయి “ఫోటో కోసం ఇంత గడి, ఎంత కరెక్టుగా వచ్చిందో చూడవే” అంది. ఇంకొకతను “ప్రింటు తీసినట్టుందిరా” అన్నాడు. విశ్వేశ్వర్ గారు, “ఈవిడ రిటైరై ఎన్నాళ్ళయిందమ్మా?” అన్నారు. ఏడేళ్ళండీ అన్నాను. “తొందరపడ్డారు” అన్నారు.

తరవాత నువ్వు సీలు అడిగావు. మా దగ్గర సీలు లేదు, అంతా డిజిటల్ సంతకమే. అప్పుడు నువ్వు అన్న మాట నీకు మెల్లగా అన్నట్టే అనిపించి ఉంటుంది. “సీలు లేని యూనివర్సిటీ ఏంటయ్యా, కల్లు కాంపౌండుకి కూడా ఉంటుంది!” మూడో అంతస్తు వరకూ వినపడింది. వైస్ ఛాన్సలర్ గారు తలుపు తీసి చూశారు. నిన్న వన్ టౌన్‌కి మనిషిని పంపి గుండ్రటి సీలు చేయించుకొచ్చారు. మొదటి ముద్ర జ్ఞానేశ్వరి హాల్ టికెట్ మీద పడింది. కాస్త వంకరగా పడింది, నువ్వు చూడకపోవడమే మంచిది.

ఇవాళ పొద్దున గేటు దగ్గర స్కానరు పట్టుకున్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. “దీని మీద కోడ్ లేదమ్మా, పంపడానికి కుదరదు.”

“సంతకం చూడండి.”

“నేను సంతకాలు చూడనమ్మా, స్కాన్ చేస్తాను.”

“కళ్ళున్నాయి కదండీ, వాటితో స్కాన్ చెయ్యండి” అన్నాను. గట్టిగానే అన్నాను. వెనక లైన్లో ఉన్న పిల్లలు, ఆ ముప్పై ఎనిమిది మందిలో వాళ్ళే కొందరు, “చూడండి సార్, చూడండి సార్” అని మొదలుపెట్టారు. ఆయన చదివాడు. నిజంగా, ప్రతి అక్షరం చదివాడు. “రాత బావుంది” అని లోపలికి పంపాడు.

రేపటితో నా పని అయిపోతుంది. ఎల్లుండి బస్సుకి వస్తున్నాను. విశ్వేశ్వర్ గారు నియమావళి మళ్ళీ మొదటి నుంచి రాయాలంటున్నారు, ఒక్కో రూలూ నలుగురు కూర్చుని పోట్లాడుకుని. నన్ను రమ్మంటారో లేదో తెలీదు. రమ్మంటే వెళ్ళాలో లేదో నాకూ తెలీదు. ఉండు, గంట కొట్టారు.

వచ్చింది. ఇక్కడే నా పక్కన కూర్చుని నీళ్ళు తాగుతోంది. నేను అడిగింది, అది చెప్పింది అచ్చం అలాగే రాస్తున్నాను.

“ఎలా రాశావే?”

“మూడో ప్రశ్న వదిలేశానక్కా. అయిదోది రాశాను, తప్పేమో.”

“మిగతావి?”

“లెక్కలంటే నాకు మొదటి నుంచీ భయమేనక్కా. అత్తయ్యకి చెప్పకు.”

చెప్పేస్తున్నాను. ఇక ఈ ఇంట్లో ఎవరూ ఎవరి దగ్గరా ఏదీ దాచడానికి లేదు. పాసవుతుందో లేదో నాకు తెలీదత్తా. ఫెయిలైతే మాత్రం లెక్కలు రాక ఫెయిలవుతుంది.

నీ
వినీల